స్నేక్ సి4 ఎప్పుడు పేల్చాలి?

స్విచ్‌లో సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే ఫైటింగ్ గేమ్ ఆడుతున్నాను, క్యారెక్టర్ స్నేక్. 3 స్టాక్‌లు, (అంటే మూడు ప్రాణాలు), ఐటెమ్స్ ఆఫ్, బ్యాటిల్‌ఫీల్డ్ స్టేజ్, ప్రో కంట్రోలర్, ల్యాన్ కేబుల్ కనెక్షన్.

సమస్యంతా స్టేజ్ అంచు దగ్గరే. ఎదుటివాడిని స్టేజ్ బయటికి కొట్టి, డౌన్ స్పెషల్‌తో అంచు పక్కనే సి4 (బటన్ నొక్కి పేల్చే బాంబు) పెడతాను. వాడు అంచు పట్టుకుని పైకి లేవగానే పేలుస్తాను. కానీ లేచేటప్పుడు కాసేపు దెబ్బ తగలదు కదా, పేలుడు ఊరికే పోతుంది. పోనీ ఆగి పేలుద్దామంటే ఈలోగా షీల్డ్ వేసేస్తాడు, లేదా రోల్ చేసి నా వెనక్కి వచ్చేస్తాడు. బటన్ నొక్కాక స్నేక్ చెయ్యి కదిలి పేలడానికి పట్టే ఆ కొంచెం ఆలస్యంలోనే అంతా అయిపోతోంది.

సి4ని అంచుకి దూరంగా, రోల్ ఆగే చోట పెట్టి చూశాను. అప్పుడు జంప్ చేసి తప్పించుకుంటున్నాడు. ముందు గ్రెనేడ్ విసిరి షీల్డ్ వేయించి, తర్వాత గ్రాబ్ చేస్తే కొన్నిసార్లు పని చేసింది, కానీ సి4 వాడకుండానే మిగిలిపోతోంది. ట్రైనింగ్ మోడ్‌లో టైమింగ్ బాగానే వస్తుంది, అసలు మ్యాచ్‌లోనే కుదరడం లేదు. ఈ మూవ్ మీద పట్టు సాధించాలని నాకు చాలా పట్టుదలగా ఉంది.

స్నేక్ బాగా ఆడేవాళ్లు చెప్పండి: అంచు దగ్గర సి4 సరిగ్గా ఎక్కడ పెట్టి, ఎదుటివాడి ఏ కదలిక చూసి బటన్ నొక్కాలి?