బడి తెరవడానికి 3 వారాలే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు: పుస్తకాలసంచి

అందరికీ నమస్కారం. పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతిలోకి వెళ్తోంది, బరువు 34 కిలోలు. బాబుకు ఇప్పుడే 6 నిండాయి, ఒకటో తరగతి, బడి అన్నదే వాడికి కొత్త. సెలవుల్లో పాప రాత్రి 11:30కి పడుకుని పొద్దున 9కి లేస్తోంది. బడి ఉన్నప్పుడు 6:30కల్లా లేవాలి.

నా సందేహాలు ఇవీ. నిద్ర వేళను ఎప్పటినుంచి, ఎలా మార్చాలి? పాపకు ఆరో తరగతి లెక్కలు మొదటి రెండు మూడు పాఠాలు ముందే చెప్పించాలా, ఐదో తరగతివి మళ్లీ తిప్పించాలా? బాబుకు అక్షరాలు, అంకెలు వచ్చు, ఇంకేం నేర్పాలి? సంచి, బూట్లు ఇంకా కొనలేదు. ఏం చూసి కొనాలో కూడా చెప్పగలరు.

---

నిద్రగన్నేరు:

నిద్ర సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మీకున్న గడువు దీనికి సరిగ్గా సరిపోతుంది, ఒక్క రోజు కూడా మిగలదు. 9:00 నుంచి 6:30కి రావాలంటే 150 నిమిషాలు జరగాలి. రెండు రోజులకోసారి 15 నిమిషాలు జరిపితే 10 మెట్లు, అంటే 20 రోజులు. రేపే మొదలుపెట్టండి.

అందరూ చేసే పొరపాటు పడుకునే వేళతో మొదలుపెట్టడం. 11:30కి అలవాటైన పిల్లను 9కే మంచం ఎక్కిస్తే నిద్ర రాదు. గంటసేపు దొర్లుతుంది, విసుక్కుంటుంది, మంచం అంటే మెలకువగా పడి ఉండే చోటు అని మనసులో పడిపోతుంది. ముందు జరపాల్సింది లేచే వేళ. 8:45కి లేపండి, రెండు రోజులయ్యాక 8:30కి. లేచిన అరగంటలోపు ఆరుబయట వెలుతురులో 20, 30 నిమిషాలు గడపాలి. కిటికీ పక్కన కూర్చోబెట్టడం దీనికి సాటిరాదు, మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు ఇంటి దీపాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నిద్ర, మెలకువ వేళలను నడిపే ఒంటి లోపలి గడియారాన్ని ముందుకు జరిపేది ఆ వెలుతురే. రాత్రి దానికి ఎదురు పని చేయాలి: పడుకునే ముందు గంటసేపు ఫోను, టీవీ ఆపేసి, దీపాలు తగ్గించాలి.

'ఇదంతా ఎందుకు, మొదటి రోజే 5 గంటలకు లేపేస్తే సరి' అనేవాళ్లు ఉంటారు. 9కి లేచే శరీరానికి 5 అంటే నడిరాత్రి కింద లెక్క. ఆ వేళప్పుడు గట్టి వెలుతురు కంట పడితే గడియారం ముందుకు రాకపోగా ఇంకా వెనక్కి పోయే వీలుంది. పగలంతా తూలడం, సాయంత్రం ముసుగు తన్ని పడుకోవడం, రాత్రి మళ్లీ మెలకువ. అక్కడితో మొదటికొస్తుంది.

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. 13 దాటితే 8 నుంచి 10. మీ పాప 6:30కి లేవాలంటే రాత్రి 9కి పడుకోవాలి, తొమ్మిదిన్నర గంటలు వస్తాయి. మధ్యాహ్నం 3 దాటాక కునుకు వద్దు. ఆదివారం కూడా అదే వేళకు లేవాలి, మహా అయితే అరగంట సడలింపు. వారమంతా జరిపినదాన్ని ఒక్క ఆదివారం నిద్ర మింగేస్తుంది.

---

లెక్కలబల్ల:

ఆరో తరగతి పాఠాలు ముందే చెప్పించడం వద్దని నా మాట. సెలవుల్లో ఏది జారిపోతుందో తేలిన విషయమే. 1996లో అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్, ఆయన తోటివారు 39 అధ్యయనాలను పరిశీలించి, వాటిలో కొత్తవైన 13 కలిపి లెక్క కడితే, వేసవి సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడి ఉన్నారు. ఎక్కువగా పోయింది చేత్తో చేసే లెక్కలూ, స్పెల్లింగులూ. చదివి అర్థం చేసుకోవడం కంటే ఇవే త్వరగా తుప్పు పడతాయి, రోజూ చేస్తే తప్ప నిలవవు కాబట్టి. పునాది కదిలినచోట కొత్త గోడ కట్టి ఏం లాభం?

అలాగని ఐదో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పించకండి. వచ్చిందే మళ్లీ చేయిస్తే పిల్లకు విసుగు, మీకు వృథా. ముందు ఎక్కడ చిల్లు పడిందో చూడండి. రెండు రోజులు, రోజుకు అరగంట, 12 లెక్కలు. టైము పెట్టకూడదు, సాయం చేయకూడదు, తప్పు రాస్తున్నా నోరు మెదపకూడదు. ఈ ఐదూ తప్పక ఇవ్వండి:

403 − 178
612 ÷ 6
1/2 + 1/3
0.35, 0.6లలో ఏది పెద్దది?
2.4 × 10

వీటిలో ప్రతిదానికీ పేరుమోసిన తప్పు జవాబు ఒకటుంది. భాగహారంలో 102 బదులు 12 వస్తే, మధ్యలో సున్నా పెట్టాలని తెలియలేదు. 2/5 అని వస్తే పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపేసింది. 0.35 పెద్దదంటే 35, 6 అని మామూలు అంకెల్లా చదువుతోంది. 2.40 అని రాస్తే పదితో గుణించడమంటే చివర సున్నా తగిలించడమని బట్టీ పట్టింది. ఒకే రకం తప్పు మూడుసార్లు వస్తే అది అవగాహన లోపం. ఒక్కసారే వచ్చి, మళ్లీ చూసుకోమంటే తనే దిద్దుకుంటే అది పరాకు. పరాకుకు పాఠం చెప్పక్కర్లేదు.

ఒప్పు వచ్చిన లెక్కకు కూడా 'ఎలా చేశావో చెప్పమ్మా' అని అడగండి. తప్పు దారిలో ఒప్పు జవాబుకు చేరే పిల్లలు తక్కువేం కాదు.

---

పలకబలపం:

లెక్కలబల్ల గారితో ఒప్పుకుంటాను గానీ ఒక్క సవరణ. కొత్త తరగతి అంటే బెదిరే పిల్లలైతే కొత్త పుస్తకంలో మొదటి పాఠం శీర్షికలు, బొమ్మలు, కొత్త మాటలు మాత్రం ముందే చూపించడం మంచిది. తరగతిలో ఆ మాట వినగానే ఎక్కడో చూశానే అనిపిస్తే చాలు. లెక్క చేసే పద్ధతి మాత్రం మనం చెప్పకూడదు. టీచరు వేరే పద్ధతిలో చెప్తే పిల్ల రెండిటి మధ్య నలిగిపోతుంది.

ఇక బాబు సంగతి. అక్షరాలు వచ్చు అన్నారు, మంచిదే. కానీ మొదటి వారం పిల్లల్ని ఏడిపించేది అక్షరాలు కాదండీ, నీళ్ల సీసా మూత. పెద్దవాళ్లు బిగించిన మూత, గట్టి క్లిప్పుల డబ్బా, చిన్న జిప్పు, ప్యాంటు గుండీ. వీటిని వాడు ఒక్కడే, మీరు చెయ్యి వేయకుండా, వరసగా మూడు రోజులు తీయగలిగి, పెట్టగలిగితే వచ్చినట్టు. రాకపోతే వాణ్ణి కాదు, వస్తువును మార్చండి. జిప్పుకు దారపు ఉంగరం కట్టండి, గుండీ బదులు ఎలాస్టిక్ తీసుకోండి. ఈ వయసుకు బూటు లేసులు కట్టడం చాలామందికి రాదు, వెల్క్రో పట్టీలవి తీసుకోండి. ఒక స్టిక్కరును నిలువుగా రెండు ముక్కలు చేసి, బూట్ల లోపల లోపలి అంచుల వైపు చెరో ముక్క అతికించండి. బూట్లు పక్కపక్కన సరిగ్గా పెడితేనే బొమ్మ పూర్తవుతుంది. కుడి ఎడమల గొడవ తీరిపోతుంది.

తినడం కూడా సాధన చేయించాలి. బడిలో పెట్టబోయే డబ్బాలోనే పెట్టి, బల్ల ముందు కూర్చోబెట్టి, 20 నిమిషాల్లో వాడంతట వాడు తింటాడా చూడండి. ఇంట్లో గంటసేపు కథలు చెప్తూ తినిపించిన పిల్లాడు బడి నుంచి నిండు డబ్బాతో తిరిగొస్తాడు. తప్పు తిండిది కాదు.

బాత్రూముకు వెళ్లాలని పెద్దగా, కొత్తవాళ్లతో అడగడం ఇంకోటి. ఇంట్లో వాడే ముద్దు మాట టీచరుకు అర్థం కాకపోవచ్చు, బడిలో చెల్లే మాట నేర్పండి. సిగ్గుపడి బిగబట్టుకునే పిల్లలు నీళ్లు తాగడం కూడా మానేస్తారు.

దిగబెట్టేటప్పుడు చెప్పకుండా జారుకోకండి. ఆ పూటకు ఏడుపు తప్పినట్టుంటుంది, మర్నాటి నుంచి మీ కొంగు వదలడు. రోజూ ఒకటే మాట, ఒకసారి దగ్గరికి తీసుకోవడం, వెనక్కి తిరగడం. నిమిషం మించకూడదు. 'తొందరగా వచ్చేస్తా' అని కాక 'చివరి గంట కొట్టాక గేటు దగ్గర ఉంటా' అని చెప్పండి, తొందరగా అంటే ఎంతో వాడికి తెలియదు. ఇంకో మాట, ఇప్పటినుంచే 'అల్లరి చేస్తే టీచరుతో చెప్తా' అని ఇంట్లో ఎవరూ బెదిరించకుండా చూడండి. చూడని మనిషి మీద ముందే భయం పెట్టి, తర్వాత ఆ మనిషి చేతిలోనే పెడతాం.

---

కొలతబద్ద:

సంచికి లెక్క సులువు. నిండిన సంచి పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు అనుకుంటే మీ పాపకు 3.4 కిలోలు. ఖాళీ సంచి 800 గ్రాములు, నీళ్లతో సీసా 1 కిలో, తిండి డబ్బా అర కిలో అనుకోండి, అప్పుడే 2.3 అయిపోయింది. పుస్తకాలకు మిగిలింది 1.1 కిలో. అందుకే ఖాళీ సంచి బరువు చూసి కొనమంటాను, బొమ్మలు చూసి కాదు. బడిలో తాగునీరు దొరికితే సీసా సగమే నింపండి, అక్కడే అర కిలో దాకా తగ్గుతుంది. తూచడానికి: పిల్లను సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి తూకం మీద నిలబెట్టి తేడా తీయండి.

పట్టీలు రెండూ వెడల్పుగా, మెత్తగా ఉండాలి. సంచి అడుగు నడుము కంటే బెత్తెడు మించి కిందికి వేలాడకూడదు. బరువైన పుస్తకం వీపుకు ఆనుకుని ఉండాలి, ముందు అరలో పెడితే సంచి వెనక్కి లాగుతుంది, పిల్ల ముందుకు వంగి నడుస్తుంది. అలా వంగిందంటే బరువు ఎక్కువైందనో, సర్దడం తప్పనో అర్థం. పేరు సంచి లోపల రాయండి. బయట రాస్తే దారిన పోయే ఎవరైనా పేరు పెట్టి పిలవగలరు.

బూట్లకు సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. నిలబడి ఉండగా రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాని కొలతే లెక్క. బడికి వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. అతి పొడవైన వేలి ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వచ్చే ఏడాదికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి కొని దూది కూరితే మడమ జారి బొబ్బలొస్తాయి. ఇప్పుడే కొనేసి రోజుకో గంట చొప్పున వారంపాటు ఇంట్లో తొడిగించండి.

కళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్కో కన్ను మూయించి దూరంగా ఉన్న కేలండరు అంకెలు చదివించండి. రెండు కళ్లకూ తేడా ఉన్నా, కళ్లు చికిలించినా, తల పక్కకు వంచినా బడి తెరవకముందే వైద్యుడికి చూపించండి. ఒక కన్ను బాగుంటే రెండోది మసకగా ఉన్నట్టు పిల్లలు తమంతట తాము చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు.

---

పుస్తకాలసంచి:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. పరీక్ష పెట్టాను. భిన్నాలు, దశాంశాలు సరిగ్గానే చేసింది. కానీ 403 − 178కి 375 అని వేసింది. 502 − 246కి 344, 700 − 358కి 458. ఎక్కాలు వరసగా అప్పజెప్తుంది, మధ్యలో 7 × 8 అడిగితే మొదటినుంచి లెక్కపెట్టుకుంటోంది. ఇప్పుడేం చేయాలి?

---

లెక్కలబల్ల:

మూడూ ఒకే తప్పు, అదే మంచి సంగతి. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది: 8లోంచి 3 తీస్తే 5, 7లోంచి 0 తీస్తే 7, 4లోంచి 1 తీస్తే 3. పైది ఏదో కిందిది ఏదో పట్టించుకోవడం లేదు. పక్క స్థానంలో సున్నా ఉంటే అప్పు ఎవరిని అడగాలో తెలియక ఈ అడ్డదారి తొక్కింది. 463 − 178 ఇచ్చి చూడండి, బహుశా సరిగ్గా చేస్తుంది. అప్పుడు చిక్కు సున్నా దగ్గరే అని తేలుతుంది. అదీ తప్పితే అప్పు తీసుకోవడమే మొదటినుంచి చెప్పాలి.

సున్నాను కొట్టేసి 9 వేయి, 4ను కొట్టేసి 3 వేయి అని చెప్పకండి, అదింకో బట్టీ. 403లో పదులెన్ని అని అడగండి. సున్నా అంటుంది. 403ను పది పది కట్టలుగా కడితే 40 కట్టలు, 3 విడివి. పుల్లలతో కట్టి చూపిస్తే ఇంకా మేలు. 40 కట్టల్లోంచి ఒకటి విప్పితే 39 కట్టలు, 13 విడివి. 13లోంచి 8 తీస్తే 5, 39లోంచి 17 తీస్తే 22. జవాబు 225. ఆ తర్వాత 225కు 178 కలిపి 403 వచ్చిందా అని తనే సరిచూసుకోవాలి. 375కు 178 కలిపితే 553, తప్పు తన కంటికే కనబడుతుంది. రోజుకు 4 లెక్కలు చాలు, ఐదు రోజులు. 20 లెక్కలు ఒక్కరోజే చేయిస్తే ఆ సాయంత్రానికి వచ్చినట్టుంటుంది, వారానికి ఉండదు.

ఎక్కాలకు చీటీలు చేయండి. 2 నుంచి 9 వరకు గుణకారాలు 64, తిరగేసినా ఒకటే అయ్యేవి తీసేస్తే 36, సులువైన 2, 5 ఎక్కాలు కూడా తీసేస్తే మిగిలేవి 21 చీటీలే. వరస కలిపేసి అడగండి. 3 సెకన్లలో చెప్పింది ఒక కుప్ప, ఆలోచించింది ఇంకో కుప్ప. రెండో కుప్పలోంచి రోజుకు మూడు కొత్తవి. ప్రతి చీటీనీ ఆ రోజు, మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్లీ అడగాలి. ముందు చీటీ చూసి జవాబు చదువుకోనివ్వకండి, తప్పైనా సరే చెప్పాకే వెనక్కి తిప్పాలి. చదువుకున్నది వచ్చినట్టు అనిపిస్తుంది, గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది.

---

నిద్రగన్నేరు:

ఆ చీటీలు పడుకునే ముందు వద్దండీ. పొద్దున ఆరుబయట అరగంట కూర్చోవాలన్నానుగా, అక్కడ అడగండి.

---

కొలతబద్ద:

చివరి వారంలో రెండు రోజులు అసలు వేళకు లేచి, తయారై, సంచితో గేటు దాకా వెళ్లి రండి. పట్టిన టైముకు 10 నిమిషాలు కలుపుకోండి. సంచి రాత్రే సర్ది తలుపు పక్కన పెట్టాలి, అదీ పాప చేతే.