పోహాంగ్ తర్వాత కూడా వేడి రాళ్లను పగలగొట్టొచ్చా? రాతి ఒత్తిడి కొలతలను ఎంతవరకు నమ్మాలి?

శ్రీలత_భూభౌతిక:
2025లో కేంద్రం భూతాప ఇంధనానికి జాతీయ విధానం ప్రకటించినప్పటి నుంచి ఒక వాదన తరచూ వినిపిస్తోంది. లోతులో రాతి మీద ఎంత ఒత్తిడి ఉందో, అది ఏ దిక్కున ఉందో ముందే కొలిస్తే చాలట, దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో జరిగినట్టు మళ్లీ జరగదట. నేను దీన్ని ఒప్పుకోను.

తెలియనివారి కోసం సంగతి చెబుతాను. పోహాంగ్ దగ్గర 4 కిలోమీటర్లకు పైగా లోతున్న రెండు బావులు తవ్వి, 2016 జనవరి నుంచి 2017 సెప్టెంబరు వరకు విడతలుగా నీళ్లు ఎక్కించారు. వేడి గ్రానైట్‌లో పగుళ్లు తెరిచి, ఒక బావిలో పోసిన నీటిని రెండో బావిలో వేడిగా తోడుకోవాలన్నది ఆలోచన. 2017 నవంబరు 15న 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. వందమందికి పైగా గాయపడ్డారు. మర్నాడు జరగాల్సిన దేశవ్యాప్త కళాశాల ప్రవేశ పరీక్షను వారం వాయిదా వేశారు. ఎక్కించిన నీళ్లే ఈ భూకంపాన్ని రేపాయని 2019 మార్చిలో ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం తేల్చింది.

బావిలో కొలిచిన ఒత్తిడి ఆ బావి గురించే చెబుతుంది. నాలుగు వందల మీటర్ల అవతల ఏ భ్రంశం (రాళ్లు ఒకదాని మీద ఒకటి జారే లోపలి చీలిక) జారడానికి సిద్ధంగా ఉందో చెప్పదు. మీరేమంటారు?

వేణు_హ్యూస్టన్:
శ్రీలత గారూ, సగం ఒప్పుకుంటాను. కానీ పోహాంగ్‌ను ఒత్తిడి కొలతల వైఫల్యం అనడం సరికాదు. కళ్ల ముందున్న గుర్తులను పక్కన పెట్టేశారక్కడ. రెండో బావి తవ్వుతుంటే 3,800 మీటర్ల దగ్గర డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం, భారీగా రాతిలోకి పోయింది. రిగ్ మీద పనిచేసిన ఎవరైనా దాన్ని చూస్తే ముందు అడిగేది ఇక్కడ భ్రంశం తగిలిందా అనే. 2017 ఏప్రిల్‌లో 3.2 తీవ్రతతో ఒక కుదుపు వచ్చింది. అయినా ఆగస్టులో మళ్లీ పంపులు మొదలెట్టారు.

ఒత్తిడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఫెంటన్ హిల్ ఉంది. న్యూ మెక్సికోలో లాస్ అలమోస్ వాళ్లు 1970ల నుంచి నడిపిన ప్రయోగం. రెండో దశలో రెండు బావులు తవ్వి, ఒకదాని నుంచి పగులు పెరిగి రెండోదాన్ని కలుస్తుందని లెక్కేసుకున్నారు. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి దిక్కు మారింది, పగుళ్లు ఇంకో వైపు పోయాయి, బావులు కలవలేదు. చివరికి పగుళ్లు ఎటు పోయాయో సూక్ష్మ కంపనాలను బట్టి వెతికి, బావిని అటు మళ్లించి తవ్వాల్సి వచ్చింది.

అమెరికాలోనే యూటా రాష్ట్రంలో ఉన్న ఫోర్జ్ అనే భూతాప ప్రయోగ కేంద్రంలో ఆ పాఠం పనికొచ్చింది. అక్కడ బావిని కనిష్ఠ ఒత్తిడి ఉన్న దిక్కుగా 65 డిగ్రీలు వాల్చి తవ్వారు. పగులు కనిష్ఠ ఒత్తిడికి అడ్డంగానే తెరుచుకుంటుంది కాబట్టి, అలా వాల్చిన బావి ఒక్కటే పగుళ్లనన్నిటినీ వరుసగా కోసుకుంటూ పోతుంది. 2024 ఆగస్టులో నెలపాటు నీళ్లు తిప్పి చూశారు, పోసిన దాంట్లో చాలా భాగం రెండో బావిలో తిరిగొచ్చింది. ఒత్తిడి కొలత లేకుండా ఇది జరిగేది కాదు.

రాజేష్_కొత్తగూడెం:
అన్నా, అక్కా, నేను జియాలజీ చదవలేదు. మాది మణుగూరు దగ్గర. 2024 డిసెంబరు 4న ములుగు దిక్కు 5.3 భూకంపం వచ్చినప్పుడు మా ఇంట్ల అందరం బయటికి ఉరికినం. 1969ల భద్రాచలం దగ్గర ఇంకా పెద్దదొచ్చిందని మా తాత చెప్తుంటడు. ఇప్పుడు సింగరేణి వాళ్లు పగిడేరుల వేడినీళ్లతో కరెంటు తీస్తున్నరు గదా. ఈ పగలగొట్టుడు మా దగ్గర కూడా చేస్తరా? అదొక్కటి చెప్పుండ్రి.

శ్రీలత_భూభౌతిక:
రాజేష్, ముందు మీకే చెబుతాను. పగిడేరులో రాతిని పగలగొట్టలేదు. అక్కడ బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే పైకి ఉబుకుతున్నాయి, ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు నడపడానికి పెట్టారు. నీళ్లను బలవంతంగా లోపలికి ఎక్కించే పని లేదు. నేను మాట్లాడుతున్న ప్రమాదం దానికి వర్తించదు. గోదావరి లోయలో భూకంపాలు ఈ ప్లాంటుకు ముందూ ఉన్నాయి, మీ తాత గారు చెప్పింది నిజమే.

వేణు గారూ, ఫెంటన్ హిల్, ఫోర్జ్ రెండూ ఒకటే చెబుతున్నాయి: పగులు ఎటు పోతుందో తెలియాలంటే ఒత్తిడి కొలత కావాలి. దానికి నేను అడ్డం చెప్పను. నా ప్రశ్న భద్రత గురించి.

కొలిచే తీరు చూడండి. నిలువు ఒత్తిడి సులువు, పైనున్న రాతి సాంద్రతను లోతు వెంట కూడుకుంటూ వస్తే చాలు, 4 కిలోమీటర్ల దగ్గర సుమారు 100 మెగాపాస్కల్స్ (ఒక మెగాపాస్కల్ అంటే గాలి పీడనానికి దాదాపు పది రెట్లు). కనిష్ఠ అడ్డ ఒత్తిడికి బావిలో చిన్న ముక్కను రెండు వైపులా మూసి, రాయి చిట్లేదాకా నీళ్లు ఎక్కించి, పంపు ఆపాక పీడనం ఎక్కడ నిలుస్తుందో చూస్తారు. అదీ నమ్మదగ్గదే. గరిష్ఠ అడ్డ ఒత్తిడి దగ్గరకొచ్చేసరికి కొలత పోయి అంచనా మిగులుతుంది. బావి గోడ ఏ దిక్కున రాలింది, ఎంత వెడల్పున రాలింది, రాతి బలం ఎంత అనుకున్నాం, వీటినుంచి లెక్క కట్టాలి. అంత లోతులో ఆ అంచనాలో పది మెగాపాస్కల్స్ తేడా రావడం వింతేమీ కాదు. ఇక జారడానికి అంచున ఉన్న భ్రంశానికి 0.1 మెగాపాస్కల్, ఒక్కోసారి అంతకంటే తక్కువ మార్పు చాలు. పది తప్పే కొలతతో 0.1ని కాపలా కాస్తామంటే ఎలా నమ్మాలి?

ఇంకొకటి. ఎక్కించిన నీటి పరిమాణాన్ని బట్టి గరిష్ఠ తీవ్రతకు హద్దు కట్టే సూత్రాన్ని భూకంప శాస్త్రవేత్త మెక్‌గార్ 2014లో ఇచ్చారు. పోహాంగ్‌లో మొత్తం సుమారు 12,800 ఘనమీటర్లు ఎక్కించారు. ఆ లెక్కన వచ్చే హద్దు 3.7 దగ్గర. వచ్చింది 5.5, అంటే ఆ హద్దుకు వందల రెట్ల భ్రామకం (భూకంపం అసలు పరిమాణాన్ని చెప్పే కొలత). ఫిన్లాండ్‌లో హెల్సింకి పక్కన 2018లో 6 కిలోమీటర్ల లోతున సుమారు 18,000 ఘనమీటర్లు పంపితే 1.9 దాటలేదు. అక్కడ నీళ్లు ఎక్కువ, కుదుపు తక్కువ. పోహాంగ్‌లో విడుదలైన శక్తి నీటిది కాదు, ఆ భ్రంశం అప్పటికే దాచుకున్నది. నీళ్లు దానికి పట్టు సడలించాయి, అంతే.

రామ్మోహన్_గనులు:
అమ్మా శ్రీలతా, నేను గనుల ఇంజనీరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒత్తిడి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆపే పద్ధతి. ట్రాఫిక్ సిగ్నల్ లాంటి ఏర్పాటు ఉందిగా అంటారు: ఇంత తీవ్రత దాటితే పసుపు, ఇంకా దాటితే ఎరుపు, పంపులు బంద్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనూ అదే ఉంది. 2006 డిసెంబరులో 5 కిలోమీటర్ల బావిలోకి ఆరు రోజులు నీళ్లు ఎక్కించారు, కుదుపులు పెరిగితే నియమం ప్రకారం ఆపేశారు. ఆపిన కొన్ని గంటలకు, డిసెంబరు 8న, 3.4 వచ్చింది. ఇళ్ల గోడలు బీటలిచ్చాయి, బీమా సంస్థలు లక్షల ఫ్రాంకులు చెల్లించాయి, 2009లో పథకమే మూతపడింది. 1356లో మహా భూకంపంతో నేలమట్టమైన ఊరది, ఆ సంగతి తెలిసీ బావిని ఊళ్లోనే తవ్వారు.

పోహాంగ్‌లో చివరి విడత సెప్టెంబరు 18న ముగిసింది, పెద్ద భూకంపం వచ్చింది రెండు నెలలకు. పంపు ఆగినా లోపలి పీడనం ఆగదు, పగుళ్ల వెంట పాకుతూనే ఉంటుంది. మన మహారాష్ట్రలోని కోయనాలో 1967 భూకంపం, తీవ్రత 6.3, జలాశయం నిండడం మొదలైన కొన్నేళ్లకు వచ్చింది. ఆ ప్రాంతంలో ఇప్పటికీ కంపిస్తూనే ఉంది. కుదుపు వచ్చాక ఆపుదాంలే అనే నియమం మీద ఒక ఊరి ప్రాణాలు పెట్టగూడదు.

వేణు_హ్యూస్టన్:
రామ్మోహన్ గారూ, మీరు చెప్పింది కాదనను. అయితే హెల్సింకి వాళ్లు ఎరుపు హద్దు 2.1 వచ్చేదాకా కాచుకు కూర్చోలేదు. కుదుపుల తీరును అప్పటికప్పుడు చూస్తూ పంపు వేగం తగ్గించారు, మధ్యలో విశ్రాంతులిచ్చారు. పోహాంగ్‌లో ఒక బావి నోటి దగ్గర పీడనం 80 మెగాపాస్కల్స్ దాటించారు. రెండూ ఒకే గాటన కట్టకండి. బావిని చిన్న చిన్న భాగాలుగా మూసి, ఒక్కో భాగానికి కొద్ది నీళ్లే ఇస్తే ఒకే భ్రంశం మీద భారం పడదు. ఇప్పుడు దారి అదే.

శ్రీలత గారు అడిగే పూర్తి హామీ ఏ బావికీ ఎవరూ ఇవ్వలేరు. ఆ కొలబద్ద పెడితే లడఖ్ లాంటి చోట వేడి ఉండీ డీజిల్ కాల్చుకుంటూ ఉండాల్సిందే.

శ్రీలత_భూభౌతిక:
వేణు గారూ, లడఖ్‌లోని పూగాలో వేడి తక్కువ లోతులోనే ఉంది, అక్కడ వేడినీళ్లూ ఉన్నాయి. ముందు ఆ నీళ్లను వాడుకుందాం, పగలగొట్టే ప్రశ్న తర్వాత. హెల్సింకి గురించి ఇంకో ముక్క కూడా చెప్పాలి: కుదుపులు అదుపులోనే ఉన్నాయి, కానీ సరిపడా నీళ్లు రాతిలో తిరగక వేడి అమ్మే పథకం నిలిచిపోయింది. మెల్లగా తెరిస్తే దారి చాలదు, గట్టిగా తెరిస్తే భ్రంశం కదులుతుంది. ఈ రెండింటి మధ్య చోటు కొన్ని రాళ్లలో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు.

పూర్తి హామీ నేను అడగలేదు. బావి గోడల చిత్రాలు, చిట్లింపు పరీక్షల ఫలితాలు, మడ్ ఎక్కడ ఎంత పోయిందో ఆ లెక్క, ఇవి నీళ్లు ఎక్కించడానికి ముందే బయటపెట్టాలి. మడ్ పోయిన సంగతి బయటివాళ్లు అప్పుడే చూసి ఉంటే ఎవరో ఒకరు అడిగేవారు. కంపనాలు కొలిచే యంత్రాలు కంపెనీ చేతిలో ఉండకూడదు. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది, కోయనాలో దశాబ్దాల అనుభవం ఉంది, ఆ పని వాళ్లకివ్వాలి. పంపు ఆపమని చెప్పే అధికారం కూడా కంపెనీకి బయట ఉండాలి.

రాజేష్_కొత్తగూడెం:
అక్కా, ఒకవేళ ఇల్లు కూలితే పైసలు ఎవలిస్తరు? పోహాంగోళ్లకు ఇచ్చిన్రా?

రామ్మోహన్_గనులు:
బాబూ, అక్కడ 2019 చివర్లో ప్రత్యేక చట్టం చేసి, ఇళ్లు దెబ్బతిన్నవారికి సాయం ఇచ్చారు. మనోవేదనకు పరిహారం కావాలని జనం కోర్టుకు వెళ్లారు. 2023 నవంబరులో స్థానిక కోర్టు ప్రభుత్వమే ఒక్కొక్కరికి 20 నుంచి 30 లక్షల వాన్‌లు కట్టాలంది. 2025 మేలో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నిపుణుల బృందం కారణం తేల్చిన తర్వాత కూడా పరిస్థితి ఇదీ.

వేణు_హ్యూస్టన్:
అయితే దీని మీద మాత్రం మనం ముగ్గురం ఒక్కమాట మీదకు రావొచ్చు. నీళ్లు ఎక్కించే ముందే కంపెనీ పరిహార నిధిని బ్యాంకులో కట్టాలి, చుట్టుపక్కల ఇళ్ల ఫొటోలు, ఉన్న బీటలు ముందే నమోదు చేయాలి. ఊరికి ఎంత దూరం ఉండాలన్నది ఇంకా తేలలేదు. నేను 10 కిలోమీటర్లు చాలంటాను.

శ్రీలత_భూభౌతిక:
నేను చాలదంటాను. 5.5 వస్తే 10 కిలోమీటర్ల దూరంలో మట్టి గోడల ఇల్లు దెబ్బతినొచ్చు. దూరం మీద విడిగా చర్చ మొదలుపెడుతున్నాను, రామ్మోహన్ గారూ, కోయనా చుట్టుపక్కల ఏ ఇళ్లు ఎంత దూరంలో దెబ్బతిన్నాయో మీకు తెలిసినంత అక్కడ రాయండి.