రీజనరేషన్‌కి తెలుగులో ఒకే మాట సరిపోతుందా?

కావలి నుంచి ప్రశ్న:
అనువాదంలో ఒక చిక్కు. వ్యాసంలో 'రీజనరేషన్' ముందు బల్లి తోకకు, తర్వాత బైబిల్లో తీతు పత్రిక 3:5కు వాడారు. రెండు చోట్లా 'పునరుత్పత్తి' వేయొచ్చా? శీర్షికలోనూ అదే మాట ఉంది.

ఒంగోలు, జీవశాస్త్రం చెప్పేవారు:
బల్లి వరకు పునరుత్పత్తి ఖాయమండీ, పాఠ్యపుస్తకాల మాటే. సంతానం కలగడం ప్రత్యుత్పత్తి (ప్రతి + ఉత్పత్తి, యణాదేశం). పోయిన భాగం మళ్లీ రావడం పునరుత్పత్తి (పునః + ఉత్పత్తి, విసర్గ రేఫ అయింది). పత్రికలవాళ్లు 'పునరుత్పత్తి ఆరోగ్యం' అని రాసి రెండింటినీ కలగాపులగం చేశారు. రెండూ నిజంగా కలిసేది ప్లనేరియా అనే చిన్న చదును పురుగు లాంటి వాటి దగ్గరే. దాన్ని ముక్కలు చేస్తే ముక్కకో పూర్తి జీవి తయారవుతుంది.

'పాత తోకే మళ్లీ వస్తుంది' అని మాత్రం రాయొద్దు. తోక వెన్నుపూసల్లో ముందే బలహీనమైన అడ్డగీతలుంటాయి. బల్లి కండరాలు బిగించి అక్కడే తెంపుకుంటుంది. కొత్త తోకలో వెన్నుపూసలుండవు, మృదులాస్థి గొట్టం ఒకటుంటుంది. పొలుసుల వరస కూడా మారుతుంది. అడ్డగీతలు లేవు కనుక ఇంకోసారి తెంపుకోవాలంటే పైన మిగిలిన పాత తోకలోనే.

కాలేయాన్ని ఉదాహరణగా ఇచ్చేవాళ్లు ఇంకా తప్పు రాస్తుంటారు. మూడింట రెండు వంతులు తీసేసినా మిగిలింది పెరిగే మాట నిజమే. కానీ కోసిన తమ్మె (లోబ్) మొలవదు, ఉన్న తమ్మెలే పెరిగి ఆ లోటు పూడుస్తాయి.

కృష్ణపట్నం, చేపల పెంపకం సాంకేతిక సిబ్బంది:
ఎండ్రకాయను కూడా చేర్చండి. కాలు మొదట్లో ఉన్న కీలు దగ్గర ఊడిపోతుంది, లోపలి పొర మూసుకుని రక్తం ఆగుతుంది. కొత్త కాలు చిన్న తిత్తిలో మడతపడి పెరిగి, కుబుసం విడిచినప్పుడే చాచుకుంటుంది. ఒక్క కుబుసంతో పూర్తి సైజు రాదు. ఒక కాలు పెద్దది, ఒకటి చిన్నది ఉన్నవి బుట్టలో కనిపించేది అందుకే.

నెల్లూరు, తెలుగు పండితులు:
తీతులో అచ్చయిన తెలుగు 'పునర్జన్మసంబంధమైన స్నానము'. గ్రీకు మాట పాలింగెనెసియా. పాలిన్ అంటే మళ్లీ, గెనెసిస్ అంటే పుట్టుక. కొత్త నిబంధనలో అది ఇంకొక్క చోటే ఉంది, మత్తయి 19:28లో. అక్కడ 'పునర్జననమందు' అంటే లోకమంతా కొత్తదయ్యే కాలం. యోహాను 3:3లోని ఆనోథెన్ వేరే మాట. దానికి 'మళ్లీ' అనీ 'పైనుంచి' అనీ రెండర్థాలు. అక్కడ యేసుతో మాట్లాడుతున్న నీకొదేము మొదటి అర్థమే పట్టుకుని, ముసలివాడు తల్లి గర్భంలోకి ఎలా వెళ్తాడని అడుగుతాడు.

చిక్కంతా భగవద్గీతతో వస్తుంది. 8.16లో 'పునర్జన్మ న విద్యతే' అంటే భగవంతుణ్ణి చేరినవాడికి మళ్లీ పుట్టుక లేదని. గీతలో తప్పించుకోవలసింది, తీతులో పొందవలసింది, మాట మాత్రం ఒకటే. అర్థానికి 'ద్విజ' దగ్గర, ఎందుకంటే అదే దేహంలో రెండో పుట్టుక. కానీ దానికి ఉపనయనం, కులం అంటుకున్నాయి, పనికిరాదు.

కాబట్టి వచనం ఉన్నదున్నట్టు ఉంచి, వ్యాఖ్యలో 'నూతన జన్మ' వాడండి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది, బాప్టిస్టు సంఘాలకు ఆ మాట అలవాటే. 'మారుమనస్సు' మాత్రం వేయొద్దు. అది మనిషి పాపం నుంచి మళ్లడం, ఇది దేవుడు చేసేది. బాప్తిస్మం దీనికి గుర్తేనని బాప్టిస్టులు, అందులోనే ఇది జరుగుతుందని కాథలిక్కులు అంటారు. మూలం ఎవరిదో చూసుకుని రాయండి.

టంగుటూరు, జామాయిల్ రైతులకు సలహాలిచ్చేవారు:
శీర్షికకు 'మోడు చిగురించడం' ఎలా ఉంటుంది? జామాయిల్‌ని నేలకు 10–15 సెంటీమీటర్ల ఎత్తున, నీరు నిలవకుండా ఏటవాలుగా కోస్తే మోడు పిలకలేస్తుంది. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తాం. కోతలో బెరడు చీలి ఊడితే దాని కింది మొగ్గలు ఎండి మోడు చస్తుంది.

నెల్లూరు, తెలుగు పండితులు:
మాట బాగుందండీ, కానీ తీతుకు ఎదురు తిరుగుతుంది. మోడులో మొగ్గ ముందే ఉంది. బల్లికీ, ఎండ్రకాయకీ అంతే, మిగిలిన దాంట్లోంచే కొత్తది వస్తుంది. యోబు 14:7–10లో కూడా నరికిన చెట్టుకు ఆశ ఉంది, మనిషికి లేదంటాడు. తీతు చెప్పే పుట్టుక మనిషిలో మిగిలిన దాంట్లోంచి కాదు. శీర్షికలో 'రీజనరేషన్' అనే ఉంచేయండి.