ఉగాది కార్యక్రమం: శబ్దకవిత ఐటెం ఎలా చేద్దాం? (ఎవరు ఏ పని చూస్తున్నారో ఆ పేరుతోనే వాళ్ళ మాటలు)

స్క్రిప్టు, వైజాగ్ నుంచి:
అందరికీ నమస్తే. నేను సెలవుకి వైజాగ్ వచ్చాను, మళ్ళీ జ్యూరిక్ చేరేసరికి కార్యక్రమం దగ్గరపడిపోతుంది కాబట్టి ఈ ఐటెం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. డాన్సులకీ భోజనాలకీ మధ్య పన్నెండు నిమిషాలిచ్చారు. మిమిక్రీ అనుకుని ఇచ్చినట్టున్నారు, కాదని, శబ్దకవిత అంటే అర్థంతో కాక ఉత్త ధ్వనులతో నడిచే కవిత అని కమిటీకి ఎవరైనా చెప్పండి.

జర్మన్ కవి హ్యూగో బాల్ 1916లో అర్థంలేని ధ్వనులతో కవితలు చదివింది మన జ్యూరిక్‌లోనే, కాబరే వోల్టేర్ అనే క్లబ్బులో. ఒంటినిండా అట్టముక్కల వేషం, నడవడానికి వీల్లేక ఆయన్ని స్టేజి మీదకి మోసుకురావాల్సి వచ్చింది. ఆయన కవిత 'కరవానె' 1920లో అచ్చయినప్పుడు ఒక్కో లైనుకి ఒక్కో రకం టైపు వాడారు. మనకి కావలసిందీ అదే. తెర మీద అక్షరం లావెక్కితే గొంతూ లావెక్కాలి, తెర ఖాళీ అయితే నోరు మూతపడాలి, అంతేగానీ వెనకాల బొమ్మలు వాటి దారిన అవి తిరుగుతుంటే అది మామూలు స్లైడ్‌షోనే.

సరుకు ఇక్కడే దొరికింది. మద్దిలపాలెంలో ఆటోవాళ్ళు ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ అని కేకలేస్తుంటే కాసేపు నిలబడి విన్నాను. మొదట పేరు పూర్తిగా అంటారు, జనం రాకపోయేకొద్దీ స్పీడు పెరిగి 'నుమంతాక నుమంతాక', 'రవాడ రవాడ' మిగులుతుంది. రికార్డింగ్ వెయ్యొద్దు, మన గొంతులతోనే చేద్దాం. తెర మీద పేర్లు హైవే వంపులో కిందనుంచి పైకి పోతూ, నోట్లో ఏ అక్షరం రాలితే అక్కడా అదే రాలాలి.

రెండోది గోమూత్రికా బంధం. అక్షరాల కూర్పుతో ఆడుకునే మన చిత్రకవిత్వంలో ఉన్నదే. రెండు పాదాల్లో ఒకటి విడిచి ఒకటి అక్షరం సమానంగా ఉంటుంది, పైకీ కిందికీ వంకర్లు తిరుగుతూ చదివినా అదే పద్యం వస్తుంది. ఇద్దరు చెరో పాదం ఒకేసారి చదివితే ఉమ్మడి అక్షరం దగ్గర రెండు గొంతులూ కలుస్తాయి, పక్క అక్షరానికి విడిపోతాయి. కలిసేవి ఎరుపులో పెడదాం.

తెర, మైకులు:
అన్నయ్యా, ఫాంట్ ఫైలు పంపకు, పోయినసారి ఒత్తులన్నీ విడిపోయి పరువు పోయింది. పీడీఎఫ్ పంపు. మైకు నోటికి కాస్త పక్కగా పెట్టాలి, లేకపోతే ప, ఫ అన్నప్పుడల్లా స్పీకర్లు ఢాం అంటాయి. స్విస్ కవి గోమ్రింగర్ కవిత 'మౌనం' కూడా పెడదామా? అదే మాట చుట్టూ వేసి మధ్యలో ఖాళీ వదిలినది.

స్క్రిప్టు:
దానికి అనుమతి తీసుకోవాలి, అంత టైం లేదు. బాల్ 1927లోనే పోయారు, కాపీరైటు తీరిపోయింది కాబట్టి ఆయనది చదవొచ్చు.

పిల్లల రిహార్సల్స్:
తమ్ముడూ, మా పిల్లలకి ళ, ణ పలకవు. అర్థం లేనిది కాబట్టి సరిపోతుందిలే.

స్క్రిప్టు:
అస్సలు సరిపోదక్కా! పాటలో అయితే అర్థం చాటున ఎలాగో గట్టెక్కిపోతారు, ఇందులో వినిపించేది అక్షరమే, ఇంకేమీ లేదు. 'వెంకోజీపాలెం' వాళ్ళకిచ్చి ళ ఉన్నవి పెద్దవాళ్ళకిద్దాం. ఆదివారం మీకు మధ్యాహ్నం రెండు, నాకు సాయంత్రం ఆరున్నర, జూమ్‌లో కలుద్దాం. జూమ్‌లో గొంతులు ఒకేసారి పడవు కాబట్టి గోమూత్రిక మాత్రం హాల్లోనే. ఇంకోటి, పండగపూట నల్లబట్టలంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, అందరూ తెల్లవి తెచ్చుకోండి.