సమఉజ్జీల ఫైట్‌లో బెట్ కడితే గిట్టుబాటు అవుతుందా?

జెర్సీ_తెలుగోడు
"ఇద్దరూ సమానంగా ఉన్న ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరు) ఫైట్‌లో బెట్ కట్టడమంటే బొమ్మా బొరుసా వేసుకోవడమే" అని నిన్న ఒకాయన రాశారు. నేను ఒప్పుకోను. బొమ్మా బొరుసా అయినా, రూపాయికి రూపాయి కన్నా ఎక్కువ ఇస్తామంటే ఆడొచ్చు కదా?

నేను న్యూజెర్సీలో ఉంటాను. 2018 నుంచి ఇక్కడ స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమే. 2024 జనవరిలో టొరంటోలో జరిగిన యూఎఫ్‌సీ 297 చూడండి (యూఎఫ్‌సీ అంటే ఎంఎంఏ పోటీలు పెట్టే సంస్థ). షాన్ స్ట్రిక్‌లాండ్ ఛాంపియన్, ఎదుట డ్రికస్ డు ప్లెసీ. నాకు దొరికిన ఆడ్స్, అంటే ఒక డాలర్ పెట్టి గెలిస్తే మొత్తం చేతికొచ్చేది, స్ట్రిక్‌లాండ్‌కి 1.80, డు ప్లెసీకి 2.05. ఆ ఆడ్స్ చెప్పే గెలుపు అవకాశం ఎంతంటే, ఒకటిని 1.80తో భాగిస్తే 55.6 శాతం, 2.05తో భాగిస్తే 48.8 శాతం. రెండూ కలిపితే 104 దాటింది. ఆ పైన ఉన్న నాలుగూ బెట్లు తీసుకునే బుకీ మార్జిన్. నా లెక్కలో ఆ ఫైట్ 50-50. అంటే డు ప్లెసీ మీద వంద డాలర్లు పెడితే సగటున రెండున్నర డాలర్లు మిగలాలి. పెట్టాను, గెలిచాను.

లెక్కల_మాస్టారు
గెలిచారు, సంతోషం. కానీ ఆ 50 ఎక్కడి నుంచి వచ్చింది బాబూ? నిజానికి డు ప్లెసీ అవకాశం 47 శాతమే అనుకోండి. అదే 2.05కి వందకి మూడున్నర డాలర్ల పైనే నష్టం. 47కీ 50కీ తేడా వీడియోలు చూసి చెప్పగలిగేవాడు నాకైతే కనిపించలేదు. మీ లాభం కన్నా మీ అంచనాలో ఉండే పొరపాటే పెద్దది.

ఇంకోటి. రెండున్నర శాతం లాభం నిజంగా మీ నేర్పా, అదృష్టమా అని తేలాలంటే ఇలాంటి బెట్లు 6,500 దాకా కావాలి. యూఎఫ్‌సీ ఏడాదికి దాదాపు 40 కార్డులు (ఒక రోజు జరిగే ఫైట్లన్నీ కలిపి ఒక కార్డు) పెడుతుంది, కార్డుకి 12 ఫైట్లు అనుకున్నా ఒక్కటీ వదలకుండా కడితే పదమూడేళ్లు పడుతుంది.

గుంటూరు_గ్రాప్లర్
మాస్టారూ, మీ లెక్క కరెక్టే, కానీ ఫైట్ చూసినవాడిగా ఒక మాట. నేను జూడో నేర్చుకున్నాను, ఆ ఫైట్ ఆదివారం పొద్దున్నే లేచి చూశాను. స్ట్రిక్‌లాండ్ ఎడమ చేతి జాబ్ (సూటి గుద్దు) రౌండు తర్వాత రౌండు ముఖం మీద పడుతూనే ఉంది. డు ప్లెసీ మాత్రం వంగి నడుం పట్టుకుని కింద పడేస్తాడు, అవతలివాడు వెంటనే లేచి నిలబడతాడు. ఇలాంటి టేక్‌డౌన్లు ఆరు పడ్డాయి. ఇప్పుడు చెప్పండి, పడేసి అట్టే పెట్టలేని టేక్‌డౌన్‌కి మార్కు ఎంత? రూల్ ప్రకారం ముందు చూడాల్సింది దెబ్బ ఎంత గట్టిగా తగిలింది, పట్టు వల్ల ఏం సాధించాడు అన్నవే. దూకుడు, కేజ్ (బరి) మీద ఆధిపత్యం ఆ తర్వాతే. కానీ పక్కన కూర్చున్న ముగ్గురు జడ్జీల కళ్లు ఒకటి కావు. మామూలుగా రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేసి కూడతారు. ఫలితం స్ప్లిట్ డెసిషన్: ఇద్దరు డు ప్లెసీకి 48-47, ఒకరు స్ట్రిక్‌లాండ్‌కి 48-47. నేను స్ట్రిక్‌లాండ్‌కే ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తాను.

మన పూజా తోమర్ ఫైట్ గుర్తుందా? 2024 జూన్‌లో లూయీవిల్‌లో. ఇద్దరు జడ్జీలు ఆమెకి 30-27 వేస్తే, మూడో ఆయన అదే ఫైట్‌కి అవతలి అమ్మాయికి 30-27 వేశాడు. మూడు రౌండ్లూ తలకిందులు! ఆమె గెలిచినందుకు నేను గంతులేశాను, కానీ అలాంటి స్కోరు కార్డు మీద డబ్బు పెట్టమంటే చెయ్యి రాదు.

జెర్సీ_తెలుగోడు
అన్నా, నువ్వు చెప్పిందే నా వాదనకి బలం. జడ్జీల చేతిలో పడే ఫైట్ అయితే ఫేవరెట్‌కి (గెలుస్తాడని ఎక్కువమంది అనుకునేవాడికి) 55 శాతం ధర ఎందుకు కట్టాలి? అనిశ్చితి పెరిగేకొద్దీ ఇద్దరి అవకాశాలూ 50 వైపే జరుగుతాయి. కాబట్టి ఆడ్స్ ఎక్కువున్న వైపే నిలబడాలి.

మాస్టారూ, 6,500 బెట్ల దాకా ఆగక్కర్లేదు. నేను కట్టిన ధరనీ (అంటే ఆడ్స్‌నీ), ఫైట్ మొదలయ్యే ముందు ఉన్న ఆఖరి ధరనీ పక్కపక్కన రాసుకుంటాను. నేను 2.05కి తీసుకున్నది ఆఖరికి 1.95 అయితే, నాకన్నా తెలిసినవాళ్లు కూడా తర్వాత ఇటే వచ్చారని అర్థం. ఓడిపోయినా ఆ బెట్ మంచిదే.

లెక్కల_మాస్టారు
ఇది ఒప్పుకుంటాను. గెలుపోటముల కన్నా ఆఖరి ధర మంచి కొలబద్ద. కానీ మీ మొదటి వాదనలో ఒక చిక్కుంది. జడ్జీలు ఎటైనా వేస్తారన్న సంగతి ధర పెట్టేవాడికి తెలియదా? ఆ అనిశ్చితి అప్పటికే 2.05లో ఉంది. దాన్నే మీరు మళ్లీ కలుపుకుంటున్నారు.

ఓరుగల్లు_అక్క
తమ్ముళ్లూ, మీ చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇది చదివేవాళ్లలో సగం మంది ఇక్కడి పిల్లలే. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ జూదం నిషేధం. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపే చట్టం తెచ్చింది. మా పిన్ని కొడుకు ఏదో యాప్‌లో నలభై వేలు గెలిచాడు. తీసుకోబోతే ముందు ఇంకో పది వేలు కట్టమన్నారు, కట్టాడు, మర్నాటికి యాప్ తెరుచుకోలేదు. వాడి ఆడ్స్ లెక్క తప్పలేదు, ఫిర్యాదు చేయడానికే గడప లేదు. జెర్సీ తమ్ముడు చెప్పేది జెర్సీకే చెల్లుతుంది.

జెర్సీ_తెలుగోడు
అక్కా, నూటికి నూరుపాళ్లు నిజం. మొదటి పోస్టులోనే నేను రాయాల్సింది. ఇండియా నుంచి ఎవరూ కట్టొద్దు.

మాస్టారూ, మీ "రెండుసార్లు కలుపుకోవడం" గురించి రాత్రంతా ఆలోచించాను. ఆ ఫైట్‌లో నా 50కి ఆధారం ఏంటని నోట్‌బుక్ తీసి చూస్తే "దగ్గరి పోటీ" అని రెండు ముక్కలే ఉన్నాయి.

గుంటూరు_గ్రాప్లర్
మరి 2025 ఫిబ్రవరిలో సిడ్నీలో వాళ్లిద్దరి రెండో ఫైట్‌కి ఏం చేశావు?

జెర్సీ_తెలుగోడు
డు ప్లెసీకి నాకు కనిపించిన ధర 1.50, అంటే 66.7 శాతం. నా అంచనా 65. ఆ రెండు శాతం తేడా నేను కనిపెట్టగలనని అప్పుడు కూడా అనిపించలేదు. కట్టలేదు. 50-45, 50-45, 49-46తో అతనే గెలిచాడు. నోట్‌బుక్‌లో ఆ తేదీ కింద ధర, నా అంచనా, "వదిలేశా" అని ఉంది.