జీపీ సర్జరీ వాళ్లు మనకు ఏదీ చెప్పరా?

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని రెడింగ్ వచ్చి పది వారాలైంది. మావారికి ఇక్కడ ఉద్యోగం, పాపకు పద్నాలుగు నెలలు. వీసా తీసుకునేటప్పుడే వైద్యం కోసమని పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పాపకు 776 పౌండ్లు చొప్పున కట్టించుకున్నారు కదా, ఇక అన్నీ వాళ్లే చూసుకుంటారనుకున్నాను. దగ్గరలోని జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరుగారి క్లినిక్‌లో, మావారు ముగ్గురి పేర్లూ రాయించారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పాప టీకాల సంగతి అడుగుదామని ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు రికార్డు మోగింది, విసుగొచ్చి పెట్టేశాను. నేరుగా వెళితే కౌంటర్‌లో అమ్మాయి "మీకు మెసేజ్‌లు పంపాం కదా" అంది. మాకు ఒక్క మెసేజూ రాలేదు. నాకు థైరాయిడ్ ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోతే ఇక్కడి డాక్టరు రక్తపరీక్ష చేయించి రాసిచ్చారు. మందుల షాపులో 9.90 పౌండ్లు తీసుకున్నారు. ఇది ప్రతిసారీ కట్టాలా? మా ఊళ్లో అయితే కాంపౌండరే అన్నీ చెప్పేవాడు. ఇక్కడ ఎవరిని అడగాలి?

— రెడింగ్ నుంచి

* * *

చెల్లెమ్మా, మందుల సంగతి ముందు చెబుతాను, అది డబ్బుతో పని. థైరాయిడ్ హార్మోను తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు ఇంగ్లండులో మందులు ఉచితం. ఆ ఒక్క మాత్రే కాదు, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) చీటీ మీద ఏది రాసినా ఉచితమే. అయితే దానికో సర్టిఫికెట్ ఉండాలి. సర్జరీ కౌంటర్‌లో ఎఫ్‌పీ92ఏ ఫారం కావాలని అడగండి. మీరు నింపి ఇస్తే వాళ్లు సంతకం చేసి పంపుతారు. ఐదేళ్లు చెల్లుతుంది. దరఖాస్తు చేరిన రోజుకు ఒక నెల ముందు నుంచే లెక్కలోకి వస్తుంది. ఈలోగా మళ్లీ డబ్బు కట్టవలసి వస్తే, కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 అనే రసీదు ఇమ్మనండి. అది ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది. మర్నాడు వెళ్లి అడిగితే ఇవ్వరు. ఈ సంగతి తెలియక నేను మూడేళ్లు కట్టాను. చివరికి చెప్పిందెవరనుకున్నారు? డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఈస్ట్ హామ్‌లో చీరల కొట్టులో పరిచయమైన ఒక తమిళావిడ.

ఇక మీ అసలు ప్రశ్న. సర్జరీ వాళ్లు చెబుతూనే ఉంటారు, నోటితో మాత్రం చెప్పరు. ఫోనుకు మెసేజ్ పెడతారు, ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో పెడతారు, ఇంటికి ఉత్తరం వేస్తారు, మీరు విసుక్కుని పెట్టేశారే, ఆ రికార్డులో చదువుతారు. దాన్ని ఒక్కసారి ఓపికపట్టి చివరిదాకా వినండి. ఏ పనికి ఏ అంకె నొక్కాలి, రక్తపరీక్ష ఫలితాలకు ఏ వేళలో ఫోన్ చేయాలి, సాయంత్రం ఆరున్నర దాటాక ఎవరిని అడగాలి, అన్నీ అందులో ఉంటాయి. నేను విని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చినవి ఆ అంకెల్లో రెండే.

యాప్ మాత్రం ఈ రాత్రికే పెట్టుకోండి. పాస్‌పోర్టు ఫోటో, మీ ముఖం వీడియో అడుగుతుంది. ఒకసారి ఆ తతంగం అయిపోతే రక్తపరీక్ష ఫలితాలు, డాక్టరు రాసుకున్న మాటలు, నెలనెలా మాత్రలకు ఆర్డరు, అన్నీ అక్కడే. పదమూడేళ్లు నిండనిదే పిల్లలకు యాప్ ఖాతా ఇవ్వరు, కాబట్టి పాప రికార్డు మీ ఫోనులో చూడాలంటే ప్రాక్సీ యాక్సెస్ కావాలని సర్జరీలో అడగాలి. అడగందే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

ఉదయం ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవడం కూడా మానుకోవచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో సర్జరీలన్నీ పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 దాకా ఆన్‌లైన్ ఫారం తెరిచి ఉంచాలి. అత్యవసరం కాని వాటికి అదే నయం. రాసేటప్పుడు మొహమాటం వద్దు. "కొంచెం నొప్పి" అని రాస్తే రెండు వారాల తర్వాత పిలుస్తారు. ఎన్ని రోజులుగా, ఎక్కడ, రాత్రి నిద్ర పడుతోందా లేదా, ఉన్నది ఉన్నట్టు రాయండి.

గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఆడవాళ్లకు మూత్రంలో మంట లాంటి ఏడు బాధలకు డాక్టరు దాకా వెళ్లనక్కరలేదు. ఫార్మసీ ఫస్ట్ పేరుతో 2024 జనవరి 31 నుంచి మందుల షాపులోనే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నారు. వయసు షరతులు ఉన్నాయి, షాపులో చెబుతారు.

— స్లౌ నుంచి, పదకొండేళ్లుగా

* * *

నేను నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి టీకాల గురించి రెండు మాటలు. ఇండియా టీకా కార్డు ఉంటుంది కదా, ప్రతి పేజీ ఫోటో తీసి సర్జరీకి ఇవ్వండి. అది చూడనిదే ఏది వేయాలో మాకూ తెలియదు. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకాను ఇక్కడ లెక్కలోకి తీసుకోరు, ఏడాది నిండాక వేసినదే లెక్క. "మా పాపకు వేయించాం కదా, మళ్లీ ఎందుకు?" అని తల్లులు నాతో గొడవపడతారు. తప్పేమీ లేదు, మళ్లీ వేయించండి. హెల్త్ విజిటర్ (పసిపిల్లలను చూడటానికి ఇంటికి వచ్చే నర్సు) వచ్చినప్పుడు ఎర్ర పుస్తకం ఇమ్మనండి. టీకాలు, బరువు, ఎత్తు అన్నీ అందులో రాస్తారు.

ఇంకొకటి. కౌంటర్‌లో "సమస్య ఏమిటి" అని అడిగితే మనవాళ్లకు కోపం వస్తుంది. అది కుతూహలం కాదు, నర్సు దగ్గరికా, ఫిజియో దగ్గరికా, డాక్టరు దగ్గరికా అని తేల్చుకోవడానికి అడుగుతారు. అందరిలో చెప్పడం ఇష్టం లేకపోతే పక్కకు వచ్చి మాట్లాడతానని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

— మిల్టన్ కీన్స్ నుంచి

* * *

ఈ విషయంలో నేను కౌంటర్‌కు అటూ ఇటూ రెండు వైపులా నిలబడ్డవాణ్ణి. ఇంగ్లండులో ప్రతి సర్జరీకీ పేషెంట్ల బృందం ఒకటి ఉండాలని 2015 ఏప్రిల్ నుంచి వాళ్ల కాంట్రాక్టులోనే ఉంది. పీపీజీ అంటారు. మా సర్జరీ బృందంలో నేను నాలుగేళ్లుగా ఉన్నాను. జీతం లేదు, టీ బిస్కెట్లు ఇస్తారు. ఇక్కడ ఏమేమి దొరుకుతాయో వచ్చేవాళ్లకు తెలిసేదెలా అన్నదాని మీదే మా సమావేశాల్లో సగం గడిచిపోతాయి.

చేరిన కొత్తలో గోడమీది బోర్డు చూశాను. కాగితం మీద కాగితం. కిందటి చలికాలపు ఫ్లూ టీకా ప్రకటన పైన వేలాడుతోంది. దాని కింద, సగం కనబడీ కనబడకుండా, అసలు అందరికీ కావలసిన కాగితం: సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, శనివారం తొమ్మిది నుంచి ఐదు దాకా కూడా అపాయింట్‌మెంట్లు ఉన్నాయని. అవి 2022 అక్టోబరు నుంచి ఉన్నాయి. పక్క సర్జరీకి వెళ్లవలసి రావచ్చు, అంతే తేడా. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చేవాళ్లంతా ఆ బోర్డు కిందే కూర్చుని ఉన్నారు! నేనూ ఇంకో పెద్దావిడా కలిసి గుండుసూదులన్నీ పీకేశాం. ఆరు కాగితాలు మిగిలాయి. ఆ వారమే ఇద్దరు వచ్చి శనివారం గురించి అడిగారు.

తర్వాత తెలుగు కాగితం కథ. మా వైపు తెలుగువాళ్లు పెరిగారని మేనేజరు ఉత్సాహపడి, కంప్యూటర్ చేత అనువాదం చేయించి నన్ను అడగకుండానే అంటించేశారు. "శస్త్రచికిత్స ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. కొత్త శస్త్రచికిత్సలో చేరదలచినవారు కౌంటర్‌లో సంప్రదించండి." ఇంగ్లిషులో సర్జరీ అన్న మాట క్లినిక్కుకీ ఆపరేషనుకీ ఒకటే కదా, పాపం కంప్యూటర్‌కు ఏం తెలుసు. నిజామాబాద్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివారు. కొడుకు చెయ్యి పట్టుకుని "నన్ను బీపీ మాత్రలకే తీసుకొచ్చావు కదరా?" అన్నారు. నేను లేచి వెళ్లి ఆ కాగితం తీసేశాను.

మళ్లీ రాయడానికి ముగ్గురం తెలుగువాళ్లం కూర్చున్నాం. ఒకరు ఆసుపత్రి అన్నారు, ఒకరు దవాఖానా అన్నారు, గంట గడిచింది. చివరికి "డాక్టరుగారి క్లినిక్" దగ్గర రాజీ పడ్డాం. నిజం చెప్పాలంటే మన ఉద్యోగస్తులకు ఆ కాగితం అవసరం లేదు, ఇంగ్లిషు చదవగలరు. వాళ్లకు తెలియనిది ఇక్కడి పద్ధతి. కాగితం పెద్దవాళ్ల కోసం. వాళ్లకు దుబాసీ కూడా దొరుకుతారు, తెలుగుకు కూడా, పైసా ఖర్చు లేకుండా. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. అమ్మ ఒంట్లో బాధను కొడుకు చేత చెప్పించడం ఆవిడకు ఎంత ఇబ్బందో మనం ఆలోచించం.

చుట్టపు చూపుగా వచ్చిన అమ్మానాన్నలను మూడు నెలల్లోపు అయితే తాత్కాలికంగా సర్జరీలో చేర్పించవచ్చు. డాక్టరు చూడటం ఉచితమే. కానీ ఆసుపత్రిలో చేర్చుకుంటే అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. బీమా లేకుండా విమానం ఎక్కించకండి.

రెడింగ్ చెల్లెమ్మా, మీకు మెసేజ్‌లు రాకపోవడం మాత్రం నాకు తెలిసిన జబ్బులాగే ఉంది. కౌంటర్‌కు వెళ్లి ఒక్కటే అడగండి: మీ కంప్యూటర్‌లో మా ఫోను నంబరు ఏమని ఉంది?

— స్విండన్ నుంచి

* * *

పై మాటల్లో చాలా వరకు ఇంగ్లండుకే వర్తిస్తాయని కొత్తవాళ్లు గమనించాలి. మా వేల్స్‌లో 2007 ఏప్రిల్ నుంచి అందరికీ మందులు ఉచితం, స్కాట్లండ్‌లో 2011 నుంచి. ఊరు మారితే నియమాలు మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసిందే. మా బావగారు ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు మారిన మొదటి నెలలో మందుల షాపులో జేబులు తడుముకున్నారు.

— కార్డిఫ్ నుంచి

* * *

అందరికీ ధన్యవాదాలు. స్లౌ అక్కా, ఎఫ్‌పీ92ఏ నింపి ఇచ్చాను. ఆ కాగితం పేరు చెప్పగానే కౌంటర్‌లో అమ్మాయి నన్ను కొత్త గౌరవంతో చూసింది.

స్విండన్ అన్నయ్యా, మీరు చెప్పిన ప్రశ్నే నిన్న అడిగాను. ఆ అమ్మాయి స్క్రీన్ చూసి నంబరు చదివింది. నాది కాదు, మావారిది కాదు. ఇంటికొచ్చి అడిగితే మావారు కాసేపు ఆలోచించి నాలుక కరుచుకున్నారు. పేర్లు రాయించిన రోజుకు మా దగ్గర ఇక్కడి సిమ్ లేదు. విమానాశ్రయానికి వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిన స్నేహితుడి నంబరు ఇచ్చారట, ముగ్గురికీ అదే! తర్వాత మార్చడం మర్చిపోయారు. ఇప్పుడు మార్పించాను. చిరునామాలో ఫ్లాట్ నంబరు కూడా లేదు, అదీ రాయించాను. ఉత్తరాలు ఏ ఇంటి గుమ్మంలో పడ్డాయో తెలియదు. పాప టీకాకు మళ్లీ కబురు పెడతామన్నారు. ఆ స్నేహితుడూ ఈ గుంపులోనే ఉన్నారు, చదువుతున్నారో లేదో.

— రెడింగ్ నుంచి

* * *

వదినా, చదువుతున్నాను. క్షమించాలి. "మీ పాప టీకా గడువు దాటింది" అని నాకు మూడుసార్లు మెసేజ్ వచ్చింది. నాకింకా పెళ్లే కాలేదు, పాప ఎక్కడి నుంచి వస్తుంది? మోసగాళ్ల పని అనుకుని ఆ నంబరును బ్లాక్ చేశాను. ఆఫీసులో అందరికీ చూపించి నవ్వుకున్నాను కూడా. మీ మెయిల్ చూసి ఇప్పుడే స్పామ్ అర తెరిచాను. పోయిన శుక్రవారం వచ్చింది ఇంకొకటి ఉంది: పాపకు నర్సు దగ్గర అపాయింట్‌మెంట్, బుధవారం ఉదయం 10:40. రేపే వదినా. ఫోన్ చేస్తున్నాను, తీయండి.

— కోవెంట్రీ నుంచి