వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు: వేడి తగ్గిపోతే అది సాయం ఎలా అవుతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతికి సైన్సు చెబుతాను. ఉష్ణం, ఉష్ణోగ్రత పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ కుట్టుమిషన్ మీద సంపాదిస్తుంటే నానమ్మ 'వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు' అంటుంది. చన్నీళ్ళు పోస్తే వేడి తగ్గిపోతుంది కదా సార్, ఇంక సాయం ఏముంది?" అని అడిగింది. క్లాసంతా నవ్వారు గానీ ప్రశ్న మాత్రం గట్టిదే. ఇక్కడ "తోడు" అంటే జతేనా, లేక నీళ్ళు తోడటమా? సామెత అసలు ఉద్దేశం ఏమిటో పెద్దలు చెప్పాలి.

జవాబు:
జతేనండీ. నీళ్ళు తోడటమే అయితే "వేణ్ణీళ్ళకు" అన్నచోట ఆ "కు" అతకదు. నీకు నేను తోడు, నాకు నువ్వు తోడు అన్నప్పటి తోడే ఇది.

గీజర్ కాలం పిల్లలకి ఈ సామెత అందకపోవడంలో వింత లేదు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచిన ఇళ్ళలో పుట్టిన మాట ఇది. కాగులో పట్టేవి కొన్నే, కట్టెలూ కొన్నే. సలసల కాగిన ఆ నీళ్ళు నెత్తిన పోసుకోలేం, ఉన్నవి ఇంటిల్లిపాదికీ చాలవు. బావి నీళ్ళు కలిపితే ఒంటికి ఓర్చుకునేలా అవుతాయి, నలుగురికీ సరిపోతాయి. తోడు వచ్చింది వేడికి కాదు, నీళ్ళకి. "ఆయన జీతానికి నా ట్యూషన్లు, ఏదో వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు" అనే మాటలో ఉన్నదీ ఆ సర్దుబాటే.

ప్రశ్న వేసిన మాస్టారు:
ధన్యవాదాలు. మీరు చెప్పినదాన్ని అంకెల్లో పెట్టి రేపు బోర్డు మీద వేస్తాను. 90 డిగ్రీల నీళ్ళు 4 లీటర్లు, 26 డిగ్రీల బోరు నీళ్ళు 12 లీటర్లు అనుకుందాం. కలిపితే 16 లీటర్లు, 42 డిగ్రీలు. స్నానానికి బాగా వెచ్చని నీళ్ళే.

ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు ఒక కిలోకేలరీ కావాలి. వేణ్ణీళ్ళు 4 లీటర్లు 48 డిగ్రీలు దిగాయి: 192 కిలోకేలరీలు పోగొట్టుకున్నాయి. చన్నీళ్ళు 12 లీటర్లు 16 డిగ్రీలు ఎక్కాయి: సరిగ్గా 192 అందుకున్నాయి. అంటే తగ్గింది ఉష్ణోగ్రత. ఉష్ణం ఎక్కడికీ పోలేదు, ఎక్కువ నీళ్ళలోకి పరుచుకుందంతే. పిల్లలు తడబడేది ఇక్కడే. ఉష్ణాలు కూడతాయి, ఉష్ణోగ్రతలు కూడవు. 40 డిగ్రీల చెంబుడు నీళ్ళకి 40 డిగ్రీల చెంబుడు కలిపితే 80 కాదు, రెండు చెంబుల 40.

చేసి చూస్తే 42 కంటే కాస్త తక్కువే వస్తుంది. బకెట్టూ గాలీ కొంత లాక్కుంటాయి మరి. అన్నట్టు, జ్వరం చూసే థర్మామీటర్ ముంచకండి, అది 42 దాకానే. ల్యాబ్‌లోది వాడండి.

ఇంకొకరు:
లెక్క బాగుంది గానీ మాస్టారూ, "ఉష్ణోగ్రత" అనే మాటే నాకు మింగుడుపడదు. ఉష్ణ, ఉగ్రత కలిపి గుణసంధి చేశారు, సరే. బోరు నీళ్ళలో ఉగ్రత ఏమిటండీ? మైనస్ పదిలో ఉన్న ఐసుకి ఉగ్రత ఏమిటి? పక్క తమిళులు వెప్పనిలై అని, వేడి ఉన్న స్థితి అని హాయిగా చెప్పుకున్నారు.

మొదటి జవాబు రాసినవారు:
నాకు మాత్రం ఉగ్రతే ఇష్టం. అక్కడ ఉగ్రత అంటే కోపం కాదు, తీవ్రత. ఎంత వేడి ఉందన్నది కాదు, ఎంత తీవ్రంగా ఉందన్నది. కాకరపువ్వొత్తి రవ్వ వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది, చేతి మీద పడితే చురుక్కుమని ఊరుకుంటుంది. గ్లాసుడు మరిగే నీళ్ళు వందే, చెయ్యి బొబ్బలెక్కుతుంది. రవ్వలో ఉగ్రత మెండు, ఉష్ణం పిసరంత.

ఇక ఐసు సంగతి. ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దాన్ని మీ మైనస్ పది ఐసు మీద పోయండి, పొయ్యి మీద పెట్టినట్టు బుసబుసా మరుగుతుంది. దాని లెక్కన మన ఐసు ఉగ్రమే! మైనస్ 273.15కి పైన ఉన్న ఏ వస్తువులోనైనా తీసుకోదగిన వేడి కొంత ఉంటుంది. సున్నా డిగ్రీలంటే వేడి సున్నా అని కాదు, మామూలుగా నీళ్ళు గడ్డకట్టే చోటు అని.

మరొకరు:
మన నోటి మాట "వేడి" రెండు పనులూ చేస్తుంది, గొడవంతా అందుకే. "నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి" అంటే ఉష్ణోగ్రత, "పెనం వేడి లాగేసింది" అంటే ఉష్ణం. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు, పరీక్షలో మార్కులు పోతాయి. జ్వరానికైతే ఏ పేరూ లేకుండా "నూట రెండుంది" అనేస్తాం, అదీ ఫారెన్‌హీట్‌లో. ఆ నోటితోనే బయట ఎండ 44 అంటాం, అది సెల్సియస్.

ఇంకో సభ్యురాలు:
నాదొక సందేహం. లెక్కలో ఏది దేనికి కలిపినా 42 డిగ్రీలే కదా. సామెతలో మాత్రం మగవాడి జీతం ఎప్పుడూ వేణ్ణీళ్ళు, ఆడవాళ్ళ సంపాదన చన్నీళ్ళు. మాస్టారి బకెట్టులో పదహారు లీటర్లకు పన్నెండు చన్నీళ్ళే. ఆ అమ్మాయికి ఈ అంకె కూడా చెప్పండి.